నోట్లో గుండుసూదులు

పెస్యా పళ్ళెంలో బార్లీ గింజలు పోసుకుని పురుగులు ఏరుతోంది. ఒకసారి ఏరినవే. తన కళ్ళ మీద తనకే నమ్మకం లేక మళ్ళీ ఏరుతోంది.

గురువారం. రేపు సాయంత్రానికి యూదుల విశ్రాంతిదినం, సబ్బాతు, మొదలు. ఈలోగా ఇంకో పని ఉంది. పన్నెండు కొట్టేలోపు సంబంధాలు చూసే డ్రెయ్‌జల్‌కి ఫోన్ చేసి అవునో కాదో చెప్పాలి. కాదంటే ఆ పిల్లను హైఫా ఊరివాళ్ళకి చూపిస్తుందట.

పిల్ల పేరు హేనా. జుస్మాన్ల అమ్మాయి. కొడుకు గెట్సల్‌కి ఇది ఎనిమిదో సంబంధం. మొదటి ఏడింటికీ పెస్యాయే ఏదో ఒక వంక పెట్టింది. పొద్దున గెట్సల్ టోపీ పెట్టుకుంటూ, తనతో చదివినవాళ్ళందరికీ పిల్లలు కూడా పుట్టారని మాత్రం అని వెళ్ళాడు.

రెండు వారాలుగా ఎంత ఆరా తీసినా హేనా గురించి ఎవరూ చిన్న వంకైనా చెప్పలేదు. పెస్యా అనుమానమంతా అదే.

తలుపు చప్పుడైంది.

గుమ్మంలో ఎవరో కొత్తావిడ. నలభై అయిదేళ్ళుంటాయి. తలగుడ్డ బిగించి కట్టుకుంది. ఎప్పుడూ వచ్చే కుట్టుపని ఫ్రిమెట్‌కి జ్వరమనీ, కొలతలకి తనను పంపిందనీ చెప్పింది. ఆమె సంచిలో ఫ్రిమెట్ టేపు కనిపించాక గానీ పెస్యా లోపలికి రానివ్వలేదు.

మేనకోడలి పెళ్ళికని కొన్న ఉన్ని గౌను. పొడవు తగ్గించాలి. పెస్యా అది తొడుక్కుని పీట ఎక్కింది. కొత్తావిడ అంచు పట్టుకోబోతూ ఆగి, కాలరును వేళ్ళతో నలిపి చూసింది. లోపలి గట్టిగుడ్డ అవిసెనారలా ఉందనీ, ఉన్నితో నార కలిసిన బట్ట ధర్మశాస్త్రం ప్రకారం మనం కట్టకూడదు కదా, విప్పి నూలుగుడ్డ వేస్తాననీ అంది.

పెస్యా గబుక్కున కాలరు తడుముకుంది. ఆ వెంటనే, అదనంగా డబ్బు గుంజడానికేమో అనుకుంది.

"ఇదెక్కడ నేర్చావమ్మా?"

"బడిలోనండి. పదేళ్ళప్పుడు మా టీచరు దారం పురి విప్పి, పీచు పీచుగా చూపించారు."

"అంత చదివీ చివరికి సూదే గతయింది."

"చదవకపోయినా సూదే పట్టేదాన్నేమో. దేని మీద కుట్టు వేస్తున్నానో తెలిసేది కాదు."

ఆమె నవ్వి, గుండుసూదులు నోట్లో పెట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుంది.

ఇక పెస్యా ఆగలేదు. తనకు వంటింట్లో అమ్మే అన్నీ నేర్పింది. ఏ బడికి వెళ్ళింది తను? ఇప్పుడు ఆడపిల్లలకి పన్నెండేళ్ళ చదువట. తన ఇంటికొచ్చిన సంబంధమూ అలాంటిదే.

"ఆ పిల్ల తల్లి ఇరవయ్యేళ్ళు బడిలో పాఠాలు చెప్పిందట. ఊళ్ళో పిల్లలందరికీ చెప్పింది సరే, సొంత పిల్లకి గుడ్డు కొట్టి, తినకూడని నెత్తురుచుక్క ఉందేమో చూసుకోవడం నేర్పిందో లేదో. ఇప్పుడు బడి మానేసిందట. మానేసిందో, మానిపించారో. ఏదో ఉంది."

కింద టేపు మెల్లగా కదులుతోంది.

"నీకేమైనా తెలుసా? జుస్మాన్ల హేనా."

టేపు ఆగింది.

ఆమె నోట్లోంచి గుండుసూదులు ఒక్కొక్కటే తీసి సూదుల దిండుకి గుచ్చింది. 

"సంబంధం కోసమేనా అడుగుతున్నారు?" అంది చివరికి.

"మరి దేనికి? ఒక్కగానొక్క కొడుకు."

ఆమె ఏదో చెప్పబోయి తలెత్తింది. పీట మీద, సగం సూదులు గుచ్చిన గౌనులో, దిగడానికి వీల్లేకుండా నిలబడి ఉన్న పెస్యాను చూసింది. నోరు మూసుకుంది.

"నన్నడగకండి. ఇంకెవరినైనా అడగండి."

ఆ పేట సందుల్లో ఈ మాటకి అర్థం తెలియనివాళ్ళు లేరు. మంచి ఉంటే చెబుతారు. చెడు ఉంటే, ఒకరి గురించి చెడు పలకకూడదు గనక, ఇలాగే అంటారు.

రెండు వారాలుగా ఉన్న బరువు దిగి పెస్యాకి ప్రాణం తేలికపడింది. సూదులు గుచ్చుకుంటున్నా పీట దిగి ఫోన్ తీసింది.

"వద్దు డ్రెయ్‌జల్. హైఫావాళ్ళకే చూపించు. ఎవరు చెప్పారంటావా? ఎవరూ చెప్పలేదు. ఒక పద్ధతిగల మనిషి చెప్పనంది. నాకది చాలు."

హైఫాకి ఇప్పుడే చేస్తున్నానని డ్రెయ్‌జల్ ఫోన్ పెట్టేసింది.

పెస్యా లోపలికెళ్ళి గౌను మార్చుకొచ్చింది. కొత్తావిడ దాన్ని మడతపెట్టి సంచిలో సర్దుకుంటుంటే మళ్ళీ అనుమానం వచ్చింది.

"మొదటిసారి వచ్చావు. అంత ఖరీదు బట్ట పట్టుకెళ్తున్నావు. చీటీ రాసివ్వమ్మా."

"ఫ్రిమెట్ పేరు రాస్తే చాలదా అండీ?"

"చాలదు. నీ పేరు, మీ ఇంటిపేరు, ఇంటి గుర్తులు."

ఆమె బల్ల దగ్గర కూర్చుంది. కలం అందుకుంది. తర్వాత పిల్లలకి బోర్డు మీద రాసినట్టు గుండ్రటి అక్షరాలతో రాసి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పెస్యా చేతిలో ఉంచింది. సంచి భుజానికి తగిలించుకుంది. గుమ్మానికి బిగించిన లేఖనాల చిన్న పెట్టెను, మెజూజాను, తాకి, ఆ వేళ్ళను ముద్దుపెట్టుకుంది.

పెస్యా మడతలు విప్పి హేనా తల్లి పేరు చదివేసరికి, ఆమె గుమ్మం దాటి వెళ్ళిపోయింది.