ఏడో లైను

"గంట చెడిపోలేదు వదినా. ఎవరో దీని నోరు నొక్కేశారు," అన్నాడు కంప్యూటర్ మెకానిక్.

కోడలు గుమ్మానికి ఆనుకుని నిలబడింది. కూర్చుంటే మళ్లీ లేవలేనని భయం. పక్కగదిలో అత్తయ్య మణికట్టుకి కట్టుతో పడుకుని ఉంది. ఆవిడ పరుపు కింద ఓ సెన్సర్ చాప. ఆవిడ కాస్త కదిలితే చాలు, ఈ కంప్యూటర్‌లో గంట మోగుతుంది. రోజుకి నలభైసార్లు. మోగినప్పుడల్లా కోడలు మందుల షాపు లేబుళ్ల ప్రింటింగ్ వదిలేసి పరిగెత్తాలి. నిన్న మాత్రం మోగలేదు. అత్తయ్య మంచం దిగబోయి పడిపోయింది.

"నోరు నొక్కడమేంట్రా?" అన్నాడు భర్త.

"చూడన్నా, ప్రాసెసర్‌ని పిలవడానికి ప్రతి పరికరానికీ ఓ లైనుంటుంది. ఇంటరప్ట్ అంటాం. సిస్టమ్‌కి వదిలేస్తే తలో నంబరూ అదే పంచుతుంది. ఇక్కడ ప్రింటర్‌కీ ఏడే, గంటకీ ఏడే. లోపలున్న ఈ రెండింటి పాత కార్డులకీ ఒకే నంబరు మీద పొత్తు పడదు. ప్రింటర్ నడుస్తున్నంతసేపూ గంట ఎంత మొత్తుకున్నా వినే దిక్కుండదు."

"సిస్టమే పొరపాటు పడిందేమో?"

"లేదన్నా. ఆటోమేటిక్ తీసేసి మరీ ఎవరో చేత్తో ఏడు పెట్టారు."

భర్త మెల్లగా భార్య వైపు తిరిగాడు.

"పగలంతా ఇంట్లో ఉండేది మీరిద్దరే. సరే, అమ్మని అక్క దగ్గర దింపేస్తాను. నీకు పీడా విరగడవుతుంది."

ఎంత విసిగినా అత్తయ్యని పంపేయాలని మాత్రం కోడలు ఎన్నడూ అనుకోలేదు. "అది కాదండీ, నేను..."

"దాన్నేమీ అనకురా!" పక్కగదిలోంచి అత్తయ్య కేకేసింది. "ఆ ఏడు పెట్టింది నేనే. ఇరవయ్యేళ్లు ఆఫీసులో కంప్యూటర్ల మీదే చేశాను, ఆమాత్రం రాదనుకున్నావా? నేను పక్కకి ఒత్తిగిలినా పరిగెత్తుకొస్తోంది పిచ్చిది. చూడలేక మార్చాను. పడింది నేను, నొప్పి నాది. మధ్యలో నీ పంచాయితీ ఏంటి?"

భర్త తల దించుకున్నాడు. "సారీ," అని గొణిగాడు. మెకానిక్ నవ్వుతూ గంటకి ఐదో నంబరిచ్చి, సంచి సర్దుకుని వెళ్లిపోయాడు.

కోడలు వెళ్లి అత్తయ్య మంచం పక్కన కూలబడింది. ఏదో చెప్పబోతే, "నోర్మూసుకుని కాసేపు పడుకోవే," అందావిడ.

తెర మీద అక్షరాలు ఆవిడకి కనిపించక ఏడాదైందని కోడలికొక్కదానికే తెలుసు.