బావమరిదికి ఇచ్చిన తూటాలు

అమెరికాలోని మోంటానాలో తుపాకులు బాగుచేసే వెర్నా కొయ్యసుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే గానీ రోస్కో రైఫిల్‌లో తూటా పెట్టే చోట ఉండే బోల్టు తెరుచుకోలేదు. లోపల రోస్కో ఇంట్లో తనే మందుగుండు కూరి చేసుకున్న తూటా, దాని ఇత్తడి గొట్టం మొదలంటా చీలిపోయి ఉంది.

"మందు ఎంత కూరావు?"

"తూటాలు చేసుకునే పుస్తకంలో ఇంతకు మించొద్దన్నదానికన్నా చిటికెడు ఎక్కువ. అలాంటి పుస్తకాలు రాసేది పిరికి సన్నాసులు, వెర్నా!"

వెర్నా అతని ముఖంలోకి చూసింది. ఇలా చీలిన తూటా నిప్పులాంటి గాలిని కాల్చేవాడి కళ్లలోకే చిమ్ముతుంది. రోస్కో ముఖం మీద చిన్న గీరు కూడా లేదు.

"కాల్చినప్పుడు నీ మొహం ఎక్కడుంది?"

రోస్కో నవ్వాడు. "నేనేమన్నా వెర్రోణ్ణా? నిన్న రైఫిల్‌ని పాత టైరుకి కట్టేసి, ట్రిగ్గర్‌కి తాడు కట్టి ట్రక్కు చాటు నుంచి లాగాను."

"మిగతా తూటాలేవీ?"

"పోయిన వారమే మా బావమరిది క్లైడ్‌కి ఇచ్చా. రేపు దుప్పుల వేటకి పోతున్నాడు."

"వాడికి తాడు కూడా ఇచ్చావా?"

రోస్కో నవ్వు ఆగిపోయింది. వెర్నా ఫోను అతని ముందుకు తోసింది.

"క్లైడ్, ఆ తూటాలు కాల్చకు," అన్నాడు రోస్కో ఫోనులో. "కంపెనీ మందులోనే ఏదో తేడా ఉందట."

వెర్నా ఫోను లాక్కుంది. "మందు మంచిదే, క్లైడ్. మీ బావే మితిమీరి కూరాడు. తనకి భయమేసి దూరం నుంచి తాడు లాగి కాల్చాడు. ఆ తూటా చీలిపోయినా నీకు చెప్పలేదు."



"అవి మా అమ్మాయికిచ్చా," అన్నాడు క్లైడ్. "రేపు అది మొదటిసారి వేటకొస్తోంది. ఆయన్ని మా గడప తొక్కొద్దని చెప్పు."

వెర్నా చెప్పాల్సిన అవసరం లేకపోయింది. రోస్కోకి వినబడింది.