మాస్టారి నాడి

పరుగుల మాస్టారి సన్మానానికి బడి మైదానమంతా కుర్చీలే. పాతికేళ్ళ శిష్యగణం దిగింది. మాస్టారు మాత్రం చక్రాల కుర్చీలో మెడ వాల్చేసి కూర్చున్నారు. రోడ్డు పక్కన తలకి దెబ్బతో పడి దొరికి పదకొండు నెలలు. ఆనాటినుంచీ నోట మాట లేదు, కాళ్ళూ చేతులూ స్వాధీనంలో లేవు.

వచ్చినవాళ్ళు ఆయన ఒళ్ళో పూలగుచ్ఛాలు పేరుస్తున్నారు గానీ కూతురి మనసు మనసులో లేదు. ఎల్లుండి వేరే ఊళ్ళో చేరకపోతే ఉన్న ఒక్క ఉద్యోగమూ ఊడిపోతుంది. కన్నతండ్రిని ఎవరి చేతుల్లో పెట్టి వెళ్ళాలి?

ఒక్కడున్నాడు. ఆసుపత్రిలో మూడోరోజున "మాస్టారి శిష్యుణ్ణక్కా" అంటూ గుమ్మంలో నిలబడ్డాడు. ఆ వేళనుంచీ రోజు తప్పలేదు. ఒళ్ళు తుడుస్తాడు, అన్నం మెత్తగా మెదిపి పెడతాడు, పక్క తడిస్తే మొహం చిట్లించకుండా మారుస్తాడు. కడుపున పుట్టినవాడు కూడా అంత చెయ్యడు. వస్తూనే ఒకటే మాట: "ఇవాళ ఏమన్నా మాట్లాడారా అక్కా?" మాట తిరిగొచ్చేలా ఉందని డాక్టరు చెప్పిన రోజయితే పాపం, గోడకి చేరగిలబడి ఏడ్చేశాడు.

"మాస్టార్ని మా ఇంటికి తీసుకుపోతానక్కా. నువ్వు నిశ్చింతగా వెళ్ళు" అంటున్నాడిప్పుడు.

"నాన్నకి ఇష్టమో కాదో ఎలా తెలిసేది?" అంది కూతురు, పక్కనున్న పాత శిష్యురాలితో. ఆవిడకి ఆ రోజుల్లో రైలింజనని పేరు.

"మాట లేకపోతేనేం, నాడి లేదూ? పందెం ముందు మాస్టారు మా అందరి మణికట్లూ పట్టుకు చూసేవారు. ఎవరి గుండె దడదడలాడితే వాళ్ళకే పందెం మీద మనసుందని లెక్క. వాళ్ళనే దింపేవారు."

"నన్ను ఒక్కసారీ దింపలేదు" అన్నాడు నత్త అని పేరున్న ఇంకో శిష్యుడు.

"నీకు నాడి ఉంటేగా."

రైలింజను మెళ్ళోని స్టాప్‌వాచ్ నొక్కి మాస్టారి మణికట్టు పట్టుకుంది. నిమిషానికి అరవై రెండు.

"ఏదీ, నీ తమ్ముణ్ణి పిలు."

అతను జనంలోంచి వచ్చాడు. మాస్టారి ముందు వంగి, ఒళ్ళోంచి జారుతున్న పూలు సర్దాడు. మాస్టారి కళ్ళు పెద్దవయ్యాయి. పెదవులు వణికాయి. ఇన్ని నెలలుగా కదలని కుడి మడమ కుర్చీ కింద టకటకా కొట్టుకుంది.

"నూట పద్దెనిమిది" అంది రైలింజను నెమ్మదిగా. "అచ్చం పరుగు గీత దగ్గర నిలబడ్డట్టే ఉన్నారు. మమ్మల్ని ఇంతమందిని చూసి ఇలా అయ్యారా? ఇంకా ఆలోచిస్తావేంటే పిచ్చిదానా."

"ఏ బ్యాచి బాబూ నువ్వు?" అన్నాడు నత్త.

"మధ్యలో మానేశానన్నా" అన్నాడతను, తలెత్తకుండా.

కూతురి గుండెల మీంచి బండ దిగినట్టయింది. తండ్రి చెయ్యి తీసి అతని చేతిలో పెట్టింది.

"ఇక భారమంతా నీదే తమ్ముడూ."

తడిసిపోతున్న తండ్రి చెంపల్ని అరచేత్తో తుడిచింది. అతను ఇంకాస్త దగ్గరగా వంగి మాస్టారి మొహంలోకి చూశాడు.

మాస్టారు ఆ మొహాన్ని మొట్టమొదట చూసింది పదకొండు నెలల కిందట, తనని గుద్దిన వ్యానులోంచి అతను దిగి, ఇలాగే మీదకి వంగి చూసి, మళ్ళీ ఎక్కి వెళ్ళిపోయినప్పుడు.