అసలు మాట

తనని ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్తుంటే కూడా నాన్న పాఠం ఆపలేదు. కాలేజీలో ఆయన చెప్పే పేపరే నాకు రెండుసార్లు పోయింది మరి.

"నా కూతురు నా పేపర్లోనే తప్పిందంటే స్టాఫ్ రూములో తలెత్తుకోలేకపోతున్నానే! నీకు వివరాలన్నీ కనిపిస్తాయి, అవి మోసే అసలు మాట కనిపించదు. అవి ఏ వరసలో వస్తున్నాయో పట్టుకున్నావనుకో, రాసినవాడు చెప్పకముందే ఆ మాట నీకు తెలిసిపోతుంది."

"నా బుర్రకెక్కదు నాన్నా."

"ఎక్కుతుంది. నీ చేతిలో పుస్తకం ఉందిగా, ఆ పాఠం చదివి ఉంచు, రాగానే అడుగుతా."

తలుపు మూసుకుంది. బయట బల్ల మీద కూర్చుని, చదివిందే చదివాను. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

చాలాసేపటికి డాక్టరుగారు వచ్చారు. నెత్తిమీద టోపీ తీసి, నా పక్కనే కూర్చున్నారు.

"మొదట అంతా బాగానే ఉందమ్మా. తర్వాత ఉన్నట్టుండి బీపీ పడిపోయింది. వెంటనే మందులిచ్చాం, రక్తం ఎక్కించాం. గుండె ఆగితే షాకులిచ్చాం. ఇంటికెళ్లిపోయిన పెద్ద డాక్టరుగారిని కూడా పిలిపించాం..."

మొదట. తర్వాత. వెంటనే. ఆ వివరాలన్నీ ఒకదాని వెనక ఒకటి ఎటు నడుస్తున్నాయో నాకు తెలిసిపోయింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఎవరూ చెప్పకముందే తెలిసిపోయింది.

గబుక్కున ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"ఆగండి డాక్టరుగారూ, చెప్పకండి. నేను వీటిని ఎప్పుడూ తప్పుగానే అర్థం చేసుకుంటాను. కావాలంటే మా నాన్నని అడగండి."