కర్రిగాడి చదువు

"మొరుగకు! మొరిగితే సంపుతరు నిన్ను!"

రాజవ్వ కర్రిగాడి మూతిని రెండు చేతులతో బిగించి పట్టుకుంది. దడి అవతల ఎవరో నడిచిపోతున్నారు. కుక్క గుర్రుమని ఊరుకుంది. వెంటనే దాని నోట్లో రొట్టె ముక్క పెట్టింది.

ఊళ్లో కుక్కలన్నిటినీ చంపెయ్యమని అన్నలు కబురు పెట్టారు. అవి మొరిగితే తమ రాకపోకలు పోలీసులకు తెలిసిపోతున్నాయట. కోనరావుపేట చుట్టుపక్కల అప్పట్లో అన్నల మాటకు తిరుగులేదు. జనం పెంచిన చేతులతోనే ముద్దలో మందు కలిపి పెట్టారు, ఏడ్చుకుంటూ పెట్టారు. మిగిలింది కర్రిగాడొక్కడే.

"ఎందుకే గీ తిప్పలు? దాని రాత ఎట్లుంటే గట్లయితది" అంది నాయనమ్మ ఐలమ్మ. "మీ అవ్వ రాత, మీ అయ్య రాత ఎవలన్న ఆపిన్రా?"

"రాత లేదు, గీత లేదు నాయ్నమ్మా. నేను నేర్పుత. అది నేర్సుకుంటది."

ఏడో తరగతి పిల్లకు అంత మొండితనం ఎక్కడిదో! పట్టిందంటే వదలదు. తల్లీదండ్రీ ఎన్నడో పోయారు. తోడబుట్టిన పరశురాములు కిందటేడు అన్నల్లో కలిశాడు. పోయేముందు ఈ కుక్కపిల్లను తెచ్చి ఒళ్లో పెట్టి, "నేను లేకున్నా ఇది కావలుంటది సెల్లే" అన్నాడు. ఇప్పుడిది కూడా పోతే ఆ పిల్లకు ఇంకేం మిగులుతుంది?

బడి మానేసింది. తన రొట్టె దానికే పెట్టింది. కొట్టింది, కొట్టి తనే ఏడ్చింది. చివరికి కర్రిగాడు నేర్చుకున్నాడు.

ఓ మునిమాపు వేళ దళం వచ్చింది. ముందు నడుస్తున్నవాడు పరశురాములే! చిక్కి సగమయ్యాడు. ఐలమ్మ వాణ్ణి పట్టుకుని బావురుమంది. దళంలో ఒకడు తుపాకీ కుక్క వైపు తిప్పాడు.

"ఆగన్నా!" రాజవ్వ అడ్డం నిలబడింది. "ఒక్కపారి సూడు. ఎవలచ్చినా మొరుగది."

వాళ్లు కాళ్లు నేలకేసి కొట్టారు, అదిలించారు, రాయి విసిరారు. కర్రిగాడు తోక ఊపాడంతే.

పరశురాములు చెల్లెలి తల నిమిరాడు. "ఉండనియ్యిన్రి దీన్ని" అన్నాడు. దళం ముందుకు సాగిపోయింది. జ్వరంతో ఒళ్లు కాలిపోతున్న పరశురాములు మాత్రం ఆ పూటకు నాయనమ్మ పక్కన వాలాడు.

"సూసినవా నాయ్నమ్మా? అంత మన చేతులనే ఉంటది" అని నవ్వింది రాజవ్వ. ఎన్నాళ్లకో ఆ ఇంట్లో ముగ్గురూ కంటినిండా నిద్రపోయారు.

తెల్లారగట్ల పోలీసులు వచ్చినప్పుడూ కర్రిగాడు మొరగలేదు.