ఎవరి పోలిక

ఆరేళ్ల మా దుర్గది వెడల్పాటి నోరు, ఎడం ఎడంగా చిన్న పళ్లు. ఆ నవ్వు తన పోలికేనని మా అత్త అసిరమ్మ, కాదు మా అమ్మ పోలికని నేను ఎప్పుడూ పోట్లాడుకునేవాళ్లం.

పన్ను నొప్పని పోర్ట్ బ్లెయిర్ తీసుకెళ్తే, డాక్టరు పళ్లూ ముఖమూ చూసి రక్తపరీక్ష చేయించాడు. ఈ రోజు ఫలితం వచ్చింది. పుట్టుకతో వచ్చిన జన్యులోపమట. అదే లోపమున్న పిల్లల ఫొటోలు చూపించాడు. ఎవరి పిల్లలో తెలియదు. అందరిదీ దుర్గ నవ్వే.

"ఇలాజ్ ఉందా డాక్టర్ సాబ్?" అత్త అడిగింది.

"నయం చేసే మందు లేదు మాతాజీ."

ఇంటికి తిరిగొచ్చే రంగత్ బస్సులో అత్త నా చెయ్యి పట్టుకుంది. "ఎవులడిగినా నా వల్లే వచ్చిందని సెప్పెయ్యే. దాందంతా నా పోలికే."

"కాదత్తా, మా అమ్మ పోలికే."

మా పోట్లాట మళ్లీ మొదలైందని దుర్గ నవ్వింది.