గట్టి తూటా

గుంటూరులో తూటాలమ్మే బుడాన్ గారి ముందు మావారు రివాల్వరు పెట్టి, "ఉన్నవాటిల్లోకి గట్టి తూటా ఇవ్వండి," అన్నారు.

"దొంగల భయానికైతే మామూలుది చాలండి."

"దొంగలకే కాదండీ. అడవిపందులు మా మిరపతోట తవ్విపోస్తున్నాయి. మొన్న రెండు తూటాలు కాల్చా. రెండూ తగిలినా పంది దులుపుకుని పోయింది. ఇంకో వారం ఇలాగే సాగితే కోతకి కాయ మిగలదు."

ఆ రెండు పేలుళ్లూ ఇంట్లోంచి నేనూ విన్నాను. ఆయన క్షేమంగా రావాలని ఆంజనేయస్వామికి మొక్కుకున్నాను కూడా.

ఏ తూటా పడుతుందో చూస్తానంటూ బుడాన్ గారు గొట్టంలోకి తొంగిచూశారు. పుల్ల పెట్టి పొడిస్తే ఎర్రటి గడ్డలు రాలాయి.

"కుంకుమా?"

"గంధం కూడానండీ. ఎనభై మూడులో లైసెన్సు వచ్చిన దగ్గర్నుంచీ ప్రతి దసరాకీ పూజ చేసి గొట్టం నిండా పోస్తున్నాను," అన్నాను.

"అయితే ఈ పదిహేనేళ్లలో ఇది ఒక్కసారీ పేల్లేదమ్మా. పేల్చుంటే అయ్యగారి చెయ్యి మిగిలేది కాదు!"

నేను మావారి వైపు తిరిగాను. "మరి మొన్న పేలిందేమిటండీ?"

"దీపావళి బాంబులు," అన్నారాయన గొంతు తగ్గించి. "నువ్వేం కంగారుపడకు, చెట్టెక్కే విసిరాను."